మోదుగ చెట్టు లేని చోట

రాయపూర్ తెలుగు సంఘంలో భీమారావుని కవి అని మొదట పిలిచినవాడు యుగంధర్. అంతకు ముందు ఆయన ఉత్త కీమేన్ భీమారావు. శ్రీకాకుళం జిల్లా మందస దగ్గర నుంచి వచ్చిన గ్యాంగుమేన్ కొడుకు. తండ్రి వెనకే తానూ రైల్వేలో చేరి, ముప్పై ఆరేళ్లు పనిచేసి, నోట్లో నాలుక లేనివాడన్న పేరుతో రిటైరయ్యాడు.

కీమేన్ పని తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. తెల్లవారగానే భుజాన సుత్తి, చేతిలో పెద్ద పానా, ఎర్రజెండా, పచ్చజెండా పట్టుకుని పట్టాల వెంట నడవాలి. తన వంతు ఐదారు కిలోమీటర్లలో ఏ క్లిప్పు వదులైతే దాన్ని బిగించాలి. ఎండైనా వానైనా తల దించుకునే నడవాలి. తల దించుకు నడిచేవాడికి నేల మీద ఉన్నవన్నీ కనిపిస్తాయి. పల్లేరు పువ్వు కనిపిస్తుంది, రాలిన తుమ్మ పువ్వు కనిపిస్తుంది, కంకర రాళ్ల మధ్య తీతువు పెట్టిన గుడ్లు కనిపిస్తాయి. ఒక్కొక్కనాడు మనుషులు కూడా కనిపిస్తారు.

రాయపూర్ శివారులో ఉర్కురా స్టేషను దాటాక లైనుకి ఒక పక్క బీర్‌గావ్ బస్తీలు, ఇంకో పక్క ఫ్యాక్టరీల గోడలు. రాత్రంతా గూడ్సు బళ్లు తిరుగుతూనే ఉంటాయి. పొద్దున్నే ఆ లైను మీద మొదట నడిచేది కీమేనే కనుక, రాత్రి అక్కడ ఏం జరిగినా మొదట చూసేది ఆయనే. పరీక్ష పోయిన పిల్ల, కొడుకు ఇంట్లోంచి గెంటేసిన ముసలామె, రెండు నెలలుగా పని దొరకని ఒడిశా కూలీ. 2001 నుంచి 2019 దాకా భీమారావు అలా ముప్పై ఒక్కమందిని చూశాడు. ఎర్రజెండా పాతి, స్టేషనుకి కబురు చేసి, తన తువ్వాలు కప్పి, రావలసినవాళ్లు వచ్చేదాకా పక్కన కూర్చునేవాడు.

అలాంటి రోజుల్లో ఇంటికొస్తే గడప తొక్కేవాడు కాదు. పెరట్లో కుళాయి కింద కట్టుబట్టలతో కూర్చునేవాడు. భార్య పార్వతమ్మ ఏమీ అడగకుండా పొడి పంచె తీగ మీద వేసి లోపలికి వెళ్లిపోయేది. అప్పుడు ఆయన నోటుబుక్కు తీసి పది లైన్లు రాసుకునేవాడు. కింద తేదీ వేసేవాడు. ఆ పది లైన్లలో మనిషి ఊసు ఉండదు. ఆ పొద్దున ఆ చోట ఏ పువ్వు పూసిందో, ఏ పిట్ట అరిచిందో, ఎండ ఎటు నుంచి పడిందో, అదే ఉంటుంది. పరీక్ష పోయిన పిల్ల రోజున తుమ్మ పూల మీద పద్యం వచ్చింది. "ఈ ఏడాదికి ఇది ఎన్నోదండి?" అని పార్వతమ్మ ఎప్పుడైనా అడిగితే, అది పద్యాల లెక్క కాదని ఇద్దరికీ తెలుసు.

ఆయన దొంగ కవి కాదు. చూసింది చూసినట్టు చెబితే అన్నం సయించదు. చెప్పకుండా మింగేస్తే నిద్ర పట్టదు. ఈ రెంటి మధ్యా ఆయనకి పువ్వు దొరికింది, పట్టుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. ముప్పై పద్యాల దాకా లేదు. తప్పు ఒక్కదాని దగ్గరే ఉంది, దాని సంగతికే వస్తున్నాను.

యుగంధర్‌కి నయా రాయపూర్‌లో సర్కారు కొలువు, తెలీబంధాలో ఫ్లాటు. సంఘానికి కార్యదర్శి. ఏటా ఉగాదికి కవి సమ్మేళనం పెట్టిస్తాడు. కోయిలని జన్మలో చూడనివాళ్లు కూడా ఆ రోజు కోయిల మీద కవిత పట్టుకుని తయారవుతారు. అలాంటి యుగంధర్ ఒకసారి సభ్యత్వం కాగితాలకని భీమారావు ఇంటికి వచ్చి, బల్ల మీద నోటుబుక్కు చూసి, కూర్చున్న చోటే పదిహేను పద్యాలు చదివేశాడు.

"ఎంత ప్రశాంతంగా ఉన్నాయండీ బాబూ! చదువుతుంటే ఏసీ గదిలో కూర్చున్నట్టుంది," అన్నాడు.

భీమారావు నవ్వాడు. లోపల పార్వతమ్మ చేతిలోంచి గిన్నె జారిన చప్పుడైంది.

2024 ఉగాదికి ఆ ముప్పై ఒక్క పద్యాలూ చిన్న పుస్తకంగా వేయాలని సంఘం తీర్మానించింది. 'పట్టాల పక్క పూలు' అని యుగంధరే పేరు పెట్టాడు. అచ్చుకి ఇచ్చే ప్రతిలో పద్యాల కింద ఉన్న తేదీలన్నీ కొట్టేశాడు. "కవిత్వానికి తారీఖేంటండీ, పాలప్యాకెట్టా?" అని తానే నవ్వుకున్నాడు. భీమారావు వద్దనలేదు. తేదీలు పోతే ఒకందుకు మంచిదే అనుకున్నాడు.

సభలో ఆ పద్యాల్ని పిల్లలతో చదివించాలన్నది ఇంకో తీర్మానం. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకని ఈ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్లు తెలుగులో చెబుతుంటే పిల్లలు హిందీ అక్షరాల్లో రాసుకుంటారు. సంఘంలో నాటకాలూ, హరికథలూ అన్నీ ఇలాగే గట్టెక్కాయి. వైజాగు నుంచి వచ్చిన చుట్టాలు చూసి బుగ్గలు నొక్కుకుంటారు గాని, పని జరిగిపోతుంది.

"పద్దెనిమిదో పద్యం నవ్యకి ఇచ్చానండీ. బీర్‌గావ్ నళిని గారి అమ్మాయి. ఆదివారం మీ దగ్గరికి రాసుకోడానికి వస్తుంది," అని యుగంధర్ ఫోనులో చెప్పాడు.

భీమారావు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

పద్దెనిమిదోది నవ్య తండ్రి రోజున రాసింది. 2013 మార్చిలో ఆ మనిషి పట్టాల మీద దొరికాడు. కావాలనే బండి కింద తల పెట్టాడని బస్తీ అంతా అనుకుంది. తననీ పిల్లనీ వదిలేసి తన దారి తాను చూసుకున్నాడని పెళ్లాం అనుకుంది. ఆరేళ్ల పిల్ల ఆ మాటలు వింటూ పదిహేడేళ్లదైంది. అతను చావడానికి అక్కడికి రాలేదని తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఒక్క భీమారావే. పదకొండేళ్లుగా ఆ ముక్క ఆయన కడుపులోనే ఉంది.

"ఆ పిల్లకి కలువ పద్యం ఇయ్యండి బాబూ, బాగుంటది," అని బతిమాలాడు.

"అది మరీ పొట్టిదండీ. నవ్య గొంతుకి ఇదే పడుతుంది," అని యుగంధర్ ఫోను పెట్టేశాడు.

ఆదివారం మధ్యాహ్నం నవ్య సైకిలు మీద ఖమ్తరాయ్‌లో ఉన్న వాళ్లింటికి వచ్చింది. పొడుగ్గా, చామనఛాయగా, వచ్చీ రాగానే పార్వతమ్మ చేతిలోని చీపురు లాక్కుని గది ఊడ్చేసే రకం. పార్వతమ్మ బియ్యప్పిండితో చీలాలు, అంటే ఇక్కడి అట్లు, వేసి పచ్చడితో పెట్టింది. తినేసి, చేతులు కడుక్కుని, నోటుబుక్కు తెరిచి, "బోలియే తాతా," అంది.

భీమారావు గోడకేసి చూస్తూ చెప్పాడు. ఆ పిల్ల ఒక్కో లైనూ హిందీ అక్షరాల్లో పెట్టుకుంటూ పోయింది.

రాత్రి వాన కురిసింది
దారంతా బురద
పట్టాల మీద ఒక మోదుగ పువ్వు
రేకుకి మట్టి అంటలేదు

చుట్టూ చూశాను
కనుచూపు మేర మోదుగ చెట్టు లేదు
గాలి కూడా లేదు

పువ్వా, నువ్వు నడిచి రాలేదు
నిన్నెవరు తెచ్చారు?

"మోదుగ అంటే ఏటి తాతా?"

"పర్సా. హోలీకి రంగు తీస్తారు చూడు, అది."

"ఓ. మరి చెట్టు లేకుండా పువ్వెలగ వొచ్చినాది? గాలి కూడా లేదంటన్నారు కదా."

"పద్యం కదే తల్లీ. అలగే ఉంటది."

నవ్య ఒప్పుకోలేదు. ఆ పిల్లకి లెక్కలంటే ఇష్టం. "కాదు, మీరు నిజంగా చూసినారా, లేపోతే కల్పన్ చేసినారా? నాకు సమజ్ కాకపోతే ఎలగ చదువుతాను?" అంటూ, లైన్లు ఎక్కడెక్కడ విరిగాయో చూసుకోడానికి ఆయన నోటుబుక్కుని తన వైపు తిప్పుకుంది. తెలుగు అక్షరాలు ఆమెకి రావు. ఆ పేజీలో ఆమె చదవగలిగింది ఒక్కటే ఉంది. అట్టడుగున అంకెల్లో రాసిన తేదీ.

14-3-2013.

స్కూలు ఫీజు మాఫీ ఫారంలో, స్కాలర్‌షిప్ ఫారంలో, కాలేజీ ఫారంలో, తండ్రి చనిపోయిన తేదీ అన్న గడిలో ఆ పిల్ల ఎన్నిసార్లు నింపిందో ఆ అంకెల్ని. వేలు దాని మీద పెట్టి తీయలేదు.

"తాతా, ఇది పాపా తారీఖు."

వంటింటి గుమ్మంలో పార్వతమ్మ నిలబడిపోయింది.

"ఆ రోజు లైను మీద డ్యూటీ మీదేనా?" అంది నవ్య. కోపంగా అడగలేదు. దారి అడిగినంత నెమ్మదిగా అడిగింది.

"చెప్పీయండి," అంది పార్వతమ్మ. "మన కొడుకు కిరణ్ ఇక్కడి ఫ్యాక్టరీ వొదిలి బిలాస్‌పూర్ ఎల్లిపోయి ఆరేళ్లయింది. మీ పించను పోతే గంజి తాగుదాం. ఆ గుంటకి చెప్పీయండి."

ఆయన చెప్పాడు. పువ్వూ లేదు, పిట్టా లేదు. జీవితంలో మొదటిసారి చూసింది చూసినట్టు చెప్పాడు.

"మీ నాన్న నాకు ముఖం ఎరికే. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి రోజూ అక్కడే లైను దాటీవోడు. బాబుగారూ, బండి ఎల్లిపోనాదా అని నన్నడిగి, అటూ ఇటూ చూసి మరీ దాటీవోడు. అలాటి జాగర్తగలోడు. ఆ పొద్దున ఏడు గంటలకి పట్టా మీద కనిపించినాడు. ముందు రోజు సాయంత్రం నుంచి వాన. ఫ్యాక్టరీ గోడ నుంచి లైను దాకా మడమ మునిగే బురద. నా బూట్లకి రెండేసి కిలోల మట్టి. ఆ బాబు కాళ్లు ఒట్టికాళ్లు. అరికాళ్లకి మట్టి లేదు తల్లీ. ఒక్క చుక్క లేదు. కంకర మీద నెత్తురు లేదు. చొక్కా వీపు మీద కాలిపోయుంది. బండి కింద పడ్డోడి చొక్కా ఎందుకు కాలుతాది?"

నవ్య పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, తీసింది.

"పంచనామా రాసుకోడానికి వొచ్చిన పోలీసాయన ఎంట ఫ్యాక్టరీ కంట్రాక్టరు మనిషి కూడా వొచ్చినాడు. మంచిగా మాట్లాడినాడు. చాయ్ తెప్పించినాడు. ఇంట్లో తగాదాలంట, తాగీవోడంట అని వాడే చెప్పినాడు, ఆయన రాసుకున్నాడు. నేను నోరు తెరవబోతే, మీ కిరణ్ మా పక్క ఫ్యాక్టరీలోనే కదా దాదా, వెల్డింగు సెక్షనులో, జాగర్తగా ఉంటన్నాడా అనడిగినాడు. నవ్వుతూనే అడిగినాడు. ఆ కాయితం మీద నేను సంతకం పెట్టీసినాను."

పద్యం రాయడం పాపం కాదు. పద్యం రాశాను కదా అని మనసుకి సర్దిచెప్పుకోవడం పాపం. కాళ్లకి మట్టి అంటలేదని పోలీసుతో చెప్పవలసిన మాటని రేకుకి మట్టి అంటలేదని నోటుబుక్కుతో చెప్పి, బాకీ తీరిందనుకున్నాడు ఈ పెద్దమనిషి. ఆయన మీద నాకు జాలి ఉంది, కాని ఈ మాట అనకుండా ఉండలేను.

నవ్య లేచింది. ఏడుస్తుందేమోనని పార్వతమ్మ దగ్గరికి రాబోయింది. ఏడవలేదు. "అమ్మకి మీరే చెప్పాల తాతా. నేను చెబితే నమ్మదు. చలియే," అంది.

బీర్‌గావ్‌లో నళినిది ఒక గది ఇల్లు. ముందు భాగంలో కుట్టుమిషను. స్కూలు యూనిఫారాలు కుడుతుంది. వీళ్లు వెళ్లేసరికి నీలం నిక్కర్ల గుట్ట మధ్య కూర్చుని మిషను తొక్కుతోంది. సంఘం పెద్దాయన గుమ్మంలోకి వచ్చేసరికి కంగారుగా లేచి కుర్చీ తుడిచింది. ఆయన కూర్చోలేదు. నిలబడే మొత్తం మళ్లీ చెప్పాడు. బురద దగ్గర ఒకసారి, సంతకం దగ్గర ఒకసారి మాట తడబడింది.

నళిని చేతిలో ఉన్న నిక్కరు అంచు మడత పెట్టింది. మిషను మీద చెయ్యి వేసి ఆనుకుంది.

"ఆ ముందు రోజు నేను తగువాడినాను బాబుగారూ," అంది. "నిజమే, తగువాడినాను. గుంటకి బూట్లు కొనలేదని. అందుకే పోయి పడ్డాడనుకున్నాను. ఒక నిక్కరు కోసమో, ఒక బూటు కోసమో చచ్చిపోయే మనిషి నాకెందుకు దొరికినాడు దేవుడా అని తిట్టినాను. పొద్దున లేస్తే తిట్టినాను. ఆయన ఫోటో గోడకి పెట్టలేదు నేను. పదకొండేళ్లు తిట్టినాను. ఆ తిట్లన్నీ ఇప్పుడెవరికి చెందాల, మీరు చెప్పండి."

"నాకే అమ్మా," అన్నాడు భీమారావు.

"మీకేనా? నాకు అలగ అనిపించడం లేదు. నాకే తగిలినట్టుంది." అప్పుడు ఏడ్చింది. నవ్య వెళ్లి తల్లి పక్కన నేల మీద కూర్చుంది. భీమారావు తేలు కుట్టిన దొంగలా గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పొమ్మని ఎవరూ అనలేదు, కూర్చోమనీ అనలేదు. వీధిలో పానీపూరీ బండివాడు గంట కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

ఉగాది రోజున సంఘం హాలు నిండిపోయింది. మామిడాకులు, మైకు, ప్లాస్టిక్ గ్లాసుల్లో పచ్చడి, ముందు వరసలో పట్టుచీరలు. నవ్య రాదేమోనని భీమారావు అనుకున్నాడు. వస్తే ఏమవుతుందోనని కూడా అనుకున్నాడు. తల్లీ కూతుళ్లు ఇద్దరూ వచ్చి నాలుగో వరసలో కూర్చున్నారు.

పదిహేడో పద్యం చదివిన కుర్రాడికి చప్పట్లు పడ్డాక నవ్య మైకు దగ్గరికి వెళ్లింది. చేతిలో హిందీ అక్షరాల కాగితం.

"ఇది రెండువేల పదమూడు మార్చి పద్నాలుగున రాసింది," అంది. "ఆ పొద్దున మా నాన్న ఉర్కురా దగ్గర పట్టాల మీద ఉన్నాడు. ఈ పద్యంలో పువ్వు మా నాన్న."

తరవాత ఒక్క అక్షరం మార్చకుండా చదివింది. రాత్రి వాన కురిసింది, దారంతా బురద. నెల ముందే అచ్చయి వచ్చిన పుస్తకం చేత్తో పట్టుకుని తిరుగుతున్నవాళ్లే, ఆ పద్యం ఎంత చల్లగా ఉందో అన్నవాళ్లే, అదే పద్యాన్ని మళ్లీ విన్నారు. 'నిన్నెవరు తెచ్చారు' దగ్గర నవ్య ఆగి, సభ వైపు చూసి, దిగిపోయింది. చప్పట్లు కొట్టడానికి ఎత్తిన రెండు మూడు చేతులు ఒళ్లో పడ్డాయి. యుగంధర్ పుస్తకం పట్టుకుని మైకు దగ్గరికి వచ్చాడు.

మూడో వరసలో గార్డు గారి భార్య రమణమ్మ పుస్తకం పేజీలు గబగబా తిప్పింది. ఆవిడకి నెమ్మదిగా మాట్లాడటం రాదు. "అయితే ఈ తుమ్మ పూలు ఎవరు భీమారావు గారూ?" అని అక్కడి నుంచే అడిగింది.

ఆయన లేచి నిలబడ్డాడు. "స్కూలు పిల్లండి. టెన్తు. రెండు జళ్లు," అన్నాడు.

"కలువో?"

"పేరు తెలీదు. ఒడిశా మనిషి. జేబులో బీడీకట్ట, పని కాయితం."

ఇంకెవరూ అడగలేదు. అడుగుతారేమోనని ఆయన కాసేపు నిలబడే ఉన్నాడు. యుగంధర్ చేతిలో ఉన్న పుస్తకాన్ని మూసి బల్ల మీద పెట్టి, "నేను తేదీలు తీయకుండా ఉండాల్సింది," అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు. మిగతా పద్యాలు ఆ రోజు చదవలేదు.

బయట పందిట్లో భోజనాలు మొదలయ్యాయి. జనం భీమారావు దగ్గరికి రావడానికి జంకి, దూరదూరంగా విస్తళ్ల ముందు కూర్చున్నారు. ఆయన చెట్టు కింద చెప్పులు వెతుక్కుంటుంటే నళిని వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నవ్య హిందీలో రాసిన రెండు పేజీల కాగితం.

"రేపు పది గంటలకి ఠాణాకి ఎల్తన్నాం. ఈ అర్జీ ఇస్తాం. చూసినోళ్లు ఉన్నారా అనడుగుతారు."

"వస్తానమ్మా."

"అప్పుడెందుకు సంతకం పెట్టినావని మిమ్మల్నే ముందు పట్టుకుంటారు. ఆలోచించుకోండి."

"పదకొండేళ్లు అదే ఆలోచించినాను. వస్తాను."

"వాళ్లు నమ్ముతారో లేదో నాకు తెలీదు. ఫ్యాక్టరీ వోడు ఇప్పుడున్నాడో లేడో. కాని ఆయన మమ్మల్ని వదిలిపోలేదని ఒక్క సర్కారు కాయితం మీదైనా ఉండాల." నళిని కవరు మడిచి చంకలో పెట్టుకుంది. "ఒక్క మాట బాబుగారూ. అక్కడ పువ్వు అనకండి. మా ఆయన పేరు చెప్పండి."

భీమారావు తల ఊపాడు.

"ఊపడం కాదు. ఒకసారి అనండి. మీరు మా ఇంటికి వొచ్చిన రోజు కూడా ఆ బాబు, ఆ బాబు అన్నారు గాని పేరు ఎత్తలేదు."

అది నిజం. ఆయనకే అప్పుడు తెలిసింది. ముప్పై ఒక్కమందిలో తనకి పేరు తెలిసిన ఒకే ఒక్క మనిషిని ఆయన ఇన్నేళ్లలో ఒక్కసారీ పేరు పెట్టి అనలేదు. ఎదురుగా నళిని ఎదురుచూస్తోంది, ఆమె వెనక నవ్య.

"రవి," అన్నాడు.

"గట్టిగా," అంది నళిని. "అక్కడ ఫ్యాన్ల చప్పుడు ఎక్కువ."